పంపు హౌసు నుంచి వచ్చిన జవాబు

దేవుడి మీద ఒట్టేస్తే నమ్మరని తెలుసు. అందుకే నా టెస్ట్ ల్యాంపు మీద ఒట్టేసి చెబుతున్నాను. టెస్ట్ ల్యాంపు అబద్ధం చెప్పదు. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. నేనూ అంతే. ఏదీ కలపను, ఏదీ తీసెయ్యను. నవ్వాలనిపిస్తే చివర్లో నవ్వండి.

మూడేళ్లయింది. మద్రాసును చెన్నై అని పిలవడం అప్పుడే మొదలైంది. బస్సు బోర్డుల మీద ఒక పేరు, కండక్టరు నోట్లో ఇంకో పేరు. నేను ఐటీఐ ముగించి, కనిగిరి నుంచి తిరువొత్తియూరు వచ్చి, ఒక ఇనుప పోత ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అప్రెంటిసుగా చేరాను.

స్టేషను వెనక సందులో గది. ముగ్గురం. ముగ్గురివీ మూడు షిఫ్టులు. వాళ్లిద్దరి ముఖాలు నేను సరిగ్గా చూసింది వారానికొకసారి. డ్యూటీ దిగి వచ్చేసరికి చాప వెచ్చగా ఉండేది... మనిషి మాత్రం ఉండేవాడు కాదు. నాకు తమిళం రాదు. టీ కొట్టులో వేళ్లు చూపించేవాణ్ని. ప్రతిదీ రాసుకునే అలవాటు నాకు. ఆ రోజుల్లో నా నోటుబుక్కులో ఒక పేజీ ఉండేది. ఆ రోజు తెలుగులో ఎన్ని మాటలు మాట్లాడానో లెక్క. ఒక్కోరోజు సున్నా.

తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడే ఉన్నాడు... మా మేస్త్రీ గురుసామి నాయుడు. మాకు పని నేర్పేది ఆయనే. ఎన్ని తరాల కిందట వచ్చారో, పెరంబూరులో స్థిరపడిన కుటుంబం. కానీ ఆయన తెలుగు తిట్టడానికీ, నాకు బొత్తిగా అర్థం కానప్పుడూ మాత్రమే బయటికి తీసేవాడు. మిగతాదంతా తమిళం. నన్ను పేరు పెట్టి పిలవలేదు ఎప్పుడూ. ఊరి పేరే నా పేరు.

ఆయన దగ్గర లైను పనికి ఒక పద్ధతి ఉంది. అది చెబితేగానీ మిగతాది అర్థం కాదు.

ప్యానెల్ గదిలో స్విచ్ దించాలి. మూడు ఫ్యూజులు పీకి సొంత జేబులో వేసుకోవాలి. ఫ్యూజులు నీ జేబులో ఉంటే ఇంకెవడూ లైను ఇవ్వలేడు. పని చేసే చోటికి వెళ్లి టెస్ట్ ల్యాంపుతో చూడాలి. తరువాత వచ్చే తీగలు మూడింటినీ ఒక ఉత్త రాగి తీగతో కలిపి కట్టాలి. పొరపాటున ఎవడైనా కరెంటు వదిలినా, అది మన చేతిలోకి రాకుండా ఆ తీగ దగ్గరే ఆగిపోతుంది. పని అయ్యాక మరవకుండా ఆ తీగ విప్పాలి. మరిచి లైను ఇస్తే స్విచ్ దగ్గర నిలబడినవాడి ముఖం మీద పేలుతుంది.

చివరిది అరుపు. లైను ఇచ్చే ముందు, "కరెంట్ కుడుక్కిరేన్!" అని, అంటే కరెంటు ఇస్తున్నానని, మూడుసార్లు అరవాలి. అవతలివాడు "కుడు" అంటే ఇవ్వమని. "ఇరు" అంటే ఆగమని. అరిచాక పది లెక్కపెట్టాలి.

"ఒక్కణ్నే పని చేస్తే ఎవరు జవాబు చెబుతారు మేస్త్రీ?" అని అడిగాను ఒకసారి.

"ఒక్కడే ఉన్నా అరవాల."

"అక్కడ ఎవరూ లేరు కదా."

"లేరని నీకెట్ల తెల్సురా? నువ్వుండేది ఈడ. ఆడ లేవు గదా నువ్వు?"

అదే మాట తమిళంలోనూ చెప్పాడు, తోటి అప్రెంటిసులు పగలబడి నవ్వారు. నేను మాత్రం నోటుబుక్కులో రాసుకున్నాను.

దీపావళి వచ్చింది. ఫ్యాక్టరీకి సెలవు. ట్రేడ్ టెస్టుకు ఫారాలు ఆ మర్నాడే పంపాలి. నా లాగ్ బుక్కులో ఒంటరిగా చేసిన పని ఒకటి తక్కువైంది. ప్రతి పనికీ ఎదురుగా 'సహాయకులు' అని ఒక గడి ఉంటుంది. అందులో 'లేరు' అని రాసి మేస్త్రీ సంతకం పెడితేనే అది ఒంటరి పని. అది లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆ గది, ఆ వెచ్చటి చాప.

మేస్త్రీ సెలవుకు ముందు తాళాలు నా చేతిలో పెట్టాడు.

"పంపు హౌసులో మెయిన్ స్విచ్ కాంటాక్టులు కాలిపోయుండాయి. మార్చు. మర్నాడు ఆరు గంటల షిఫ్టుకి నీళ్లు రావాల. వచ్చినాయంటే సంతకం. రాలేదంటే కనిగిరి బస్సు ఎక్కేసెయ్, సెరియా?"

పండగనాడు పగలంతా వాన. పని మొదలుపెట్టేసరికి రాత్రి పది దాటింది. ఫ్యాక్టరీ మొత్తంలో ఇద్దరం. నేను... గేటు దగ్గర వాచ్‌మన్ పొన్నుసామి తాత. ఆయనకు మోకాళ్ల నొప్పులు, గేటు దాటి నడవడు. తెలుగు ఒక్క ముక్క రాదు.

పంపు హౌసు వెనక గోడ పక్కన. గోడ అవతల సముద్రం. ప్యానెల్ గది నుంచి రెండువందల పద్నాలుగు అడుగులు. లైను తీసేస్తే ఆ పక్క దీపాలన్నీ పోతాయి. టార్చిని తువ్వాలుతో గోడ మేకుకు కట్టి పని చేశాను. మొదట్లో జాలరి పేటలో టపాకాయలు పేలుతుండేవి. ఒంటిగంట దాటాక అవీ ఆగాయి. తడిసిన మందు వాసన ఒకటే మిగిలింది. గోడ అవతల అల... గోడ ఇవతల స్క్రూ తిరుగుతున్న చప్పుడు. కిర్... కిర్...

రెండుంబావుకి ముగిసింది. స్విచ్ పెట్టె మూత బిగించాను. నాలుగు స్క్రూలు. పనిముట్లు లెక్కపెట్టాను, తొమ్మిది. తలుపు మూసి బయట గొళ్లెం పెట్టాను. గొళ్లెం వదులు, గాలికి ఊడుతుంది. అందుకని ఒక ముక్క తీగ మెలిపెట్టాను. నడుస్తూ నోటుబుక్కు తీసి, చేసిన పనులన్నిటికీ వరసగా టిక్కులు పెట్టాను.

ప్యానెల్ గది. జేబులోంచి ఫ్యూజులు తీశాను. ఒకటి... రెండు... మూడు. పెట్టాను. స్విచ్ పిడి మీద చెయ్యి వేశాను.

అరవాలి.

"కరెంట్..." అని మొదలుపెట్టాను. ఆగిపోయాను. ఎవరూ లేని చోట ఎవరి కోసం తమిళం? పండగపూట పొద్దుట్నుంచీ నోరు విప్పలేదు. నోటుబుక్కులో ఆ రోజు లెక్క సున్నా.

తెలుగులో అరిచాను.

"లైన్ ఇస్తున్నా!"

నా గొంతు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చింది. బాగుందనిపించింది. ఇంకోసారి అరిచాను. మూడోసారి ఇంకా గట్టిగా.

లెక్కపెట్టాను. ఒకటి. రెండు. చూరు నీళ్లు టప్పుమంటున్నాయి. మూడు. నాలుగు. ఐదు. అల వచ్చి వెళ్లింది. ఆరు. ఏడు...

"ఉండబ్బా..."

పంపు హౌసు వైపు నుంచి.

"...ఇంకా అవలా."

అరుపు కాదు. చేతిలో పని ఉన్న మనిషి తల తిప్పకుండా చెప్పే మాట. మగ గొంతు. మా ఊరి యాస.

నిజం చెప్పాలి మీకు. ముందు భయం వెయ్యలేదు. ముందు సంతోషం కలిగింది. ఎవరో తెలుగులో మాట్లాడారు... నాతో. "సరే అన్నా" అనేశాను కూడా. అనేశాక తెలిసింది, అక్కడ ఎవరూ లేరని. అప్పుడు చెయ్యి పిడి మీద నుంచి దానంతటదే జారింది.

అయినా చేతులు అలవాటు తప్పలేదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. నడిచాను. అడుగులు లెక్కపెట్టాను. లెక్క తప్పితే పరుగెత్తుతానని భయం. నూట తొంభై... రెండు వందలు... రెండువందల పద్నాలుగు.

గొళ్లెం పెట్టే ఉంది. నేను మెలిపెట్టిన తీగ, నేను పెట్టిన మూడు మెలికలు, అలాగే ఉన్నాయి.

విప్పాను. టార్చి లోపలికి పెట్టాను. మోటారు. పంపు. నూనె డబ్బా. గోడ. ఇంకేం లేదు. ఒక కిటికీ ఉంది, దానికి ఇనుప జల్లెడ.

"అన్నా?" అన్నాను.

నూతి అడుగున అడిగినట్టుంది. జవాబు రాలేదు.

ఇంకా అవలేదు అన్నాడు. ఏం అవలేదు? నాలుగు స్క్రూలూ విప్పాను. మూత తీశాను.

రాగి తీగ.

మూడు లైన్లకూ చుట్టి... నేను కట్టింది కట్టినట్టే ఉంది.

ఎంతసేపు చూశానో తెలియదు. లెక్కపెట్టలేదు. తరువాత నోటుబుక్కు తీశాను. 'రాగి తీగ విప్పుట'. ఎదురుగా టిక్కు. నా పెన్నే, నా టిక్కే.

తీగ విప్పాను. ఈసారి జేబులో వేసుకున్నాను. వెనక్కి వెళ్లి ఫ్యూజులు పెట్టాను. మూడుసార్లు అరిచాను, తెలుగులోనే. పది దాకా లెక్కపెట్టాను. ఏమీ లేదు. ఇరవై. ఏమీ లేదు. నూరు దాకా నిలబడ్డాను. భయంతో కాదు. మళ్లీ మాట్లాడతాడేమోనని.

మాట్లాడలేదు.

స్విచ్ వేశాను. దీపాలు వచ్చాయి. వెళ్లి పచ్చ మీట నొక్కాను. మోటారు తిరిగింది.

ఐదున్నరకు మేస్త్రీ వచ్చాడు. నుదుట విభూతి, ఒంట్లో కొత్త చొక్కా. తొట్టిలో నీళ్లు చూశాడు. మోటారు మీద చెయ్యి పెట్టి చూశాడు. "పరవాలేదే" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మాట నేను వినలేదు. లాగ్ బుక్కు తీసి 'సహాయకులు' గడి దగ్గర పెన్ను పెట్టాడు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. తీగ నా జేబులో ఉంది. చూసినవాడు లేడు.

"ఒంటరిగా చెయ్యలేదు మేస్త్రీ."

పెన్ను ఆగింది. "ఎవడొచ్చినాడు?"

అంతా చెప్పాను. తీగ తీసి బల్ల మీద పెట్టాను. తీగ మాట దగ్గరికి వచ్చేసరికి చెంప మీద ఒకటి పడింది. పెద్ద నొప్పేం లేదు.

"ముఖం పోయుండేదిరా నీకు! మీయమ్మకి నేనేం జవాబు చెప్పాల?"

తాతను పిలిచి తమిళంలో గద్దించాడు. గేటు తెరవలేదనీ, ఎవరూ రాలేదనీ తాత పిల్లల మీద ప్రమాణం చేశాడు.

"ఎవరైనా ఇక్కడ చనిపోయారా మేస్త్రీ? మా వైపు మనిషి?"

"ముప్పై ఏండ్లుగా ఈడనే ఉండా. ఒక్కడు చావలేదు. మీ పక్కోళ్లు ఎవురూ పని చెయ్యనే లేదు, నువ్వే మొదులు." వేలితో నా నుదుటి మీద పొడిచాడు. "నీ మండలోనే ఉండాదిరా ఆ గొంతు. తీగ మర్సినావని నీ మండకి తెల్సు. అదే చెప్పింది."

నేను నోటుబుక్కు తెరిచి టిక్కు చూపించాను. "నా తలకు తెలియదు మేస్త్రీ. చూడండి. విప్పేశాననే అనుకుంది."

టిక్కు వైపు చాలాసేపు చూశాడు. తరువాత పంపు హౌసు వైపు. 'సహాయకులు' గడిలో 'ఒకరు' అని రాసి, కింద సంతకం పెట్టాడు.

ఆసారి నా ఫారం వెళ్లలేదు. ఆరు నెలల తరువాత టెస్టు రాసి పాసయ్యాను.

ఇదీ జరిగింది. అది నా తలే అంటారా, కావచ్చు. కానీ నా గొంతు నాకు తెలుసు. అది నా గొంతు కాదు.

ఇప్పుడు ఎన్నూరు దగ్గర పని చేస్తున్నాను. నా కింద ఇద్దరున్నారు. నా తమిళం బాగుపడింది. ఆ మాటల లెక్క రాయడం మానేశాను. కానీ ఒక్కణ్నే లైను ఇవ్వాల్సి వస్తే మాత్రం తెలుగులోనే అరుస్తాను. పది లెక్కపెడతాను.

పది అయ్యాక... ఇంకాసేపు ఉంటాను.