పాలేరు ఇంటిపేరు

దీవి రేవులో ఊనా మెకిల్‌కారన్ గ్లాస్గో నుంచి వచ్చిన బంధువు నోరు మూయించిన రోజున మేవ్ అక్కడే ఉంది. ఊనా ఓడిపోవాలని ఆమె ఎంతగా కోరుకుందో చంకలో ఉన్న చేపల బుట్టకే తెలియాలి.

వచ్చినవాడు డెర్మట్. అతనిదీ మెకిల్‌కారన్ ఇంటిపేరే. దుకాణంలో కొన్న వంశచిహ్నం పటం ఒకటి విప్పి, అందులోని సింహాలనూ కత్తులనూ రేవులో అందరికీ చూపించాడు. "మనది రాజుల వంశం. మగవాళ్లలో పెద్దవాణ్ణి నేను. కారన్ పునీతుడి సమాధి మట్టి తీసే హక్కు నాది" అన్నాడు.

ఊనా ఆ పటం వంక చూడనైనా లేదు.

"రాజులా! మెకిల్‌కారన్ అంటే కారన్ గారి పాలేరు కొడుకు అనిరా, నాయనా. ఆయన జపం చేసుకుంటుంటే మన మూలపురుషుడు ఆయన ఆవు పేడ ఎత్తాడు. ఆయన పోతే గొయ్యి తవ్వి పూడ్చాడు. అందుకే ఆ మట్టి మనకు దక్కింది. నువ్వు రాజువైతే ఇంకో దీవి చూసుకో. పాలేరువైతే రా, నా కొట్టంలో పేడ అలాగే ఉంది."

రేవు రేవంతా గొల్లుమంది. డెర్మట్ పటం చుట్టుకుని వచ్చిన పడవే ఎక్కాడు. మేవ్‌కు మాత్రం నవ్వు రాలేదు.

ఊనా తమ్ముడు కానల్‌ను చేసుకుని ఆ ఇంటికి వచ్చింది మేవ్. ఆ పేరుకు ఐదుగురిని కని పెంచింది. కానల్‌ను మట్టి చేసింది. అయినా ఆ దీవిలో ఆడది ఎక్కడ కాపురం చేసినా తండ్రి ఇంటిపేరుతోనే పిలవబడుతుంది కనుక, తల నెరిసినా ఆమె మేవ్ వార్డే. ఊనాకో, పెళ్లి లేదు, పిల్లలు లేరు, ఆమె కాల్చిన రొట్టె కుక్క కూడా ముట్టదు. ఊరికే ఆ పేరుతో అందరికంటే ముందు పుట్టింది, అంతే. కొత్త పడవ నీళ్లలో దిగాలన్నా, గాదెలో ఎలుకలు పడ్డా, సమాధి నుంచి ఆమె తీసిచ్చిన పిడికెడు మట్టి కావాలి. మగవాళ్లు మేవ్ గుమ్మం దాటుకుంటూ పోయి, ఊనా గుమ్మం ముందు టోపీలు తీసేవారు.

ఒకసారి ఊనా పన్ను పీకించుకోవడానికి పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లినప్పుడు, పొరుగింటి షివాన్ ఎలుకల బాధ అని వచ్చింది. మేవ్ గబగబా సమాధి దగ్గరికి పోయి పిడికెడు తెచ్చి ఇచ్చింది. ఎలుకలు పోలేదు సరికదా, షివాన్ పెళ్లినాటి బూట్లు కొరికేశాయి. తిరిగొచ్చిన ఊనా కోప్పడి ఉంటే మేవ్ సహించేది. ఊనా నవ్వింది.

"నువ్వు తీస్తే మట్టి మట్టేనే, మరదలా."

ఆ మాట మేవ్ గుండెలో చేపముల్లులా గుచ్చుకుంది. ఏళ్లు గడిచినా బయటికి రాలేదు.

బంగాళాదుంపల కాలంలో ఊనా మంచం పట్టింది. డాక్టరు పడవలో వచ్చి చూసి, మందుల సంచి విప్పకుండానే వెళ్లాడు. దీవిలో కాపురమున్నవాళ్లలో ఆ పేరుకు ఊనా తర్వాత పెద్దది మేవ్ కూతురు ఎత్నా. ఆమె దుంపలు ఏరే కూలికి స్కాట్లండ్ వెళ్లింది. సముద్రమా, డాక్టరు వెళ్లిన మర్నాటి నుంచే అల్లకల్లోలంగా ఉంది.

మేవ్ గంజి పట్టుకెళ్లింది.

"మూత తియ్యకు, వాసనకే తిప్పుతోంది" అంది ఊనా.

"నీ రొట్టె తిని బతికినదానివి, నా గంజికి చస్తావా వదినా?"

"కూర్చో. ఎత్నా ఎప్పుడొస్తుంది?"

"సముద్రం రానిచ్చినప్పుడు."

"అందాకా నేనుండను. మట్టి తీసేటప్పుడు చదివే మాటలున్నాయి. కాగితం మీద పెట్టకూడదు, నోటి నుంచి నోటికే పోవాలి. నీకు చెప్తాను."

మేవ్ గిన్నె కింద పెట్టింది. "నాకా? షివాన్ లేదూ? నీకు ప్రాణం కదా!"

"షివాన్‌కు నేనంటే ప్రేమ. నేను పోగానే ఏడ్చి ఏడ్చి సగం మర్చిపోతుంది. నీకు కడుపుమంట. మండేవాళ్లు ఒక్క ముక్కైనా పోగొట్టుకోరు."

మేవ్ మంచం దగ్గరికి జరిగి కూర్చుంది. కాదంటే అబద్ధమయ్యేది.

"ఇలా వంగు" అంది ఊనా. "నేను చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పు. అమ్మాయి వచ్చేదాకా నోట్లో దాచుకో, వచ్చాక దానికిచ్చేయ్. ఈలోపు ఎవరొచ్చి నీ గుమ్మం ముందు టోపీ తీసినా సరే, ఆ సమాధి దగ్గరికి మాత్రం వెళ్లకు."