సోమవారం లెక్క

టోవా పాయో ఫుడ్ సెంటర్‌లో కాఫీ, వేపుళ్ళ వాసనల మధ్య ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనబడితే ఇప్పటికీ నా కాళ్ళు ఆగిపోతాయి. ఈ దేశంలో ఆ చిన్న ప్యాకెట్ బల్ల మీద పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్తే చోటు మనదే, ఇంకెవరూ కూర్చోరు. చోప్ చేయడం అంటారు దాన్ని. ఇందిర మేడమ్ దాని మీదే ఒక లెక్క తయారు చేశారు: నలభై బల్లలు, పన్నెండు ప్యాకెట్లు, వరసలో ఇంతమంది, నీకు చోటు దొరకడానికి ఎంతసేపు పడుతుంది?

విశ్వవిద్యాలయంలో ఆవిడ గణితం చెప్పేవారు. నేను వరంగల్ నుంచి వచ్చి ఆవిడ దగ్గర సహాయకురాలిగా చేరాను. ప్రతి సోమవారం తరగతికి ఒక కొత్త లెక్క తెచ్చేవారు. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఇవ్వరు. "పాసిపోయింది పెడితే పిల్లలు కనిపెట్టేస్తారమ్మా," అనేవారు కాకినాడ యాసలో.

ఆవిడని ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు, పాఠం బాగా చెప్పేవాళ్ళకీ పై హోదా ఉంటుందని విభాగాధిపతి నోటిమాటగా చెప్పారు. ఆ మాట పట్టుకుని ఆరేళ్ళు ఎదురుచూశారు. ఏటా "వచ్చే ఏడాది" అన్నారు. చివరికి ఆ హోదా, తరగతి గది ముఖం సరిగా చూడని ఒక పరిశోధకుడికి వెళ్ళింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేడమ్ మాత్రం భోజనం దగ్గర నవ్వబోయి నవ్వలేక, "నా కుర్చీ చోప్ చేసి పెట్టామన్నారమ్మా. ప్లేటు పట్టుకుని వచ్చేసరికి ఎవరో కూర్చుని తింటున్నారు," అన్నారు.

ఆ తర్వాత నిద్ర పట్టడం లేదనేవారు. బీపీ మాత్రలు మొదలయ్యాయి. సోమవారాలు పాత స్లైడ్లతో గడిచిపోయేవి. "ప్రొఫ్, దిస్ వీక్ ఆల్సో నో న్యూ క్వశ్చన్ ఆ?" అని ఒక విద్యార్థి అడిగితే మళ్ళీ పాత స్లైడే తెరిచారు. ఎంత ఆలోచించినా ఏమీ తట్టడం లేదని తరవాత నాతో అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆవిడ ఎంత సిగ్గుపడ్డారో నేను చూశాను.

అప్పుడే ఒక తెలివితక్కువ పని చేశాను. బిషాన్ స్టేషన్‌లో రైళ్ళు మారే జనం మీద ఒక లెక్క అల్లి, ఆవిడ పేరుతో తరగతికి పంపేశాను. పిల్లలు సంబరపడ్డారు. మేడమ్ నన్ను గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను.

"లెక్క బాగుందమ్మా. కానీ నేను బాగానే ఉన్నానని వాళ్ళకి అబద్ధం చెప్పావు. నావల్ల ఇంక అవట్లేదని ఒక్కరికన్నా తెలియాలి కదా."

ఆ టర్మ్ అయ్యాక రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ఆవిడ బాధని కప్పిపెట్టిన చేతుల్లో నావి కూడా ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

ఇప్పుడు నేనూ అక్కడే పాఠాలు చెబుతున్నాను. సోమవారం లెక్క ఇచ్చే పని నాకు వచ్చింది. తట్టని వారం "ఈసారి రాలేదు" అని పిల్లలకి చెప్పేస్తాను. పోయిన నెల నేనూ కూర్చున్న ఉద్యోగ ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అమ్మాయి, పాఠం బాగా చెబితే పై హోదా వస్తుందా అని అడిగింది. ఔనను అన్నట్టు అధిపతి నావైపు చూశారు. "అలా వచ్చినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు," అన్నాను. ఆ అమ్మాయి నా ముఖంలోకి చూసి మెల్లగా తల ఊపింది.

ఇందిర మేడమ్‌కి ఆ గదిలో ఎవరూ చెప్పని మాట అది.