మళ్ళీ అడగవద్దు

మా ఇంట్లో మొదటి విన్నపానికి ఎప్పుడూ కాదనే జవాబు. ఇది ముత్తాతగారు పెట్టిన పద్ధతి. జమీందారీ ఎస్టేటు రోజుల్లో ఆయన కచేరీ గదిలో కూర్చుంటే, ఎవరు ఏ పని మీద వచ్చినా తలెత్తకుండానే కాదనేవారట. నిజంగా అవసరం ఉన్నవాడు రెండోసారి వస్తాడు, అప్పుడు వినవచ్చని ఆయన ఉద్దేశం. ఎస్టేటు పోయింది. రాయగడలో ఆ కచేరీ గది ఉన్న ఇల్లూ పోయింది. పద్ధతి మాత్రం నా దాకా వచ్చింది. కొరాపుట్‌లో అద్దె ఇంట్లో ఉంటూ కూడా, గుమ్మం ముందుకు వచ్చి ఎవరేమడిగినా నా నోట మొదట వచ్చేది ఆ మాటే. దీనికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. కాని ఈ వేసవిలో ఒక లాప్‌టాప్ నన్ను పెట్టిన యాతనకు మూలం అక్కడే ఉందని తేలింది కనుక, ముందుగా చెప్పక తప్పదు.

రాయగడ ఇంటిని మా నాన్నగారు ఒక రైసుమిల్లు ఆసామికి అమ్మారు. వాళ్ళది పద్మపూర్ దగ్గర వ్యవసాయం. పెద్దలు శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. అమ్మిన రోజు సాయంత్రం నాన్నగారు అక్కనూ నన్నూ పిలిచి ఒకటే మాట చెప్పారు: "ఆ ఇంట్లో చుట్టాల్లాగ కూర్చునే రోజు మనకి రాకూడదు." అంతే. తరవాత ఆయన ఆ ఊసే ఎత్తలేదు. మేమూ ఆ మాట దాటలేదు. ఉద్యోగం రోజుల్లో రాయగడ ఎన్నోసార్లు వెళ్ళాను. స్టేషను నుంచి ఆ వీధిలో పోతే దగ్గరదారి. నేను చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడా ఇంటిని మిల్లు ఆసామి కొడుకు షూటింగులకు అద్దెకిస్తున్నాడు. పోయిన చలికాలంలో ఎవరో వచ్చి ఒక వెబ్ సిరీస్ తీసి వెళ్ళారు. అది విడుదల కాగానే అతను నాకు ఫోను చేశాడు. మర్యాదస్థుడు, కాదనను. "మీ అక్కగోరిని తీసుకొచ్చీండి బాబూ. హాల్లో పెద్ద టీవీ ఉంది. ఆ ఇంట్లోనే కూకోని ఆ ఇల్లు సూడొచ్చు" అన్నాడు. వద్దన్నాను. మాకు చూసుకునే సాధనాలు ఉన్నాయని కూడా అన్నాను. ఆ రెండో మాట అనకపోతే బాగుండేది.

మా అక్క నా దగ్గరే ఉంటుంది. నా భార్య పోయాక ఇల్లు ఆవిడదే. చూపు తగ్గిపోతోంది; ఇక పెరగదనీ, ఉన్నది కూడా మెల్లగా పోతుందనీ విశాఖపట్నంలో డాక్టరు చెప్పాడు. ఆవిడ దాన్ని వర్షం గురించి విన్నట్టు విని ఊరుకుంది. కాని ఈ సిరీస్ సంగతి తెలిసిన రోజు నుంచీ ఒకటే మాట. ఆ ఇంటి హాలులో, పడమటి గోడకు ఎత్తుగా, రంగు అద్దాల కిటికీ ఒకటి ఉండేది. మధ్యలో ఎర్ర అద్దం. మధ్యాహ్నం ఎండ అందులోంచి నేల మీద పడేది. మా అమ్మ బియ్యం ఏరుకుంటూ ఆ ఎర్ర వెలుగులోనే కూర్చునేది, చేటలో బియ్యం ఎర్రగా కనిపించేవి. ఆ అద్దం ఇంకా ఉందా లేదా, ఉంటే ఒకసారి చూడాలి. ఉన్న చూపు పోకముందే చూడాలి. ఇదీ ఆవిడ కోరిక. ఫోను తెర మీద ఆవిడకు మనుషులే ఆనరు, అద్దాలేం ఆనుతాయి. అందుకని లాప్‌టాప్.

ఆ లాప్‌టాప్ మా అల్లుడిది. బరంపురంలో బ్యాంకు ఉద్యోగం అతనికి. కొత్తది కొనుక్కుని పాతది నాకిస్తూ, అది విండోస్‌ను మోయలేకపోతోందని తీసేసి, దాని బదులు లినక్స్ అనేదాన్ని ఎక్కించాడు. వైరస్‌లు రావు, తేలికగా నడుస్తుందని చెప్పాడు. నడిచింది కూడా. నేను పత్రికలు చదువుకోవడం, ఉత్తరాలు రాసుకోవడం, అన్నీ అందులోనే. మొన్నటిదాకా దానికీ నాకూ ఏ తగవూ లేదు.

సిరీస్ ఉన్న సైటుకు చందా కట్టి, అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, ప్లే నొక్కాను. నల్లటి తెర, దాని మధ్యలో తిరిగే గుండ్రం. కాసేపటికి గుండ్రం కూడా పోయి, ఏదో లోపం జరిగిందనీ, తరవాత ప్రయత్నించమనీ ఒక వాక్యం వచ్చింది. ఏ లోపమో చెప్పలేదు. ఆఫీసులో నా కింద పనిచేసిన గుమస్తా ఎవడైనా ఇలాంటి జవాబు రాస్తే ఆ కాగితం అతని బల్ల మీదికే తిరిగి వెళ్ళేది.

"ఏటిరా, ఇంకా తిరుగుతోందా?" అంది అక్క.

ఆలోచిస్తోందని చెప్పాను.

"ఇల్లు అమ్మడానికి నాన్న కూడా ఇంతసేపు ఆలోచించలేదు."

అల్లుడికి ఫోను చేశాను. అల్లుణ్ణి సాయం అడగడం నాకు సుఖంగా ఉండదు. అందుకని, యంత్రంలో చిన్న దోషం గమనించాను, నీ దృష్టికి తెస్తున్నాను అన్న ధోరణిలో చెప్పాను. అతను పాపం వినయంగానే, పాత జ్ఞాపకాలు తుడిచేయమన్నాడు, అంటే బ్రౌజర్ దాచుకున్నవి. తుడిచాను. దాంతో నా ఉత్తరాల ఖాతా, పత్రికల ఖాతా అన్నీ నన్ను మరిచిపోయి, నువ్వెవరని అడిగాయి. వీడియో మాత్రం రాలేదు. బ్రౌజర్ మూసి తెరిచాను. లాప్‌టాప్‌నే ఆపి మళ్ళీ పెట్టాను. ఊరికే దొరికే పాటల వీడియోలు ఆడుతున్నాయా అని అడిగాడు. ఆడుతున్నాయి, కాని మనుషుల ముఖాల మీద ఆకుపచ్చ మరకలు. అది గ్రాఫిక్స్ గొడవ, సెట్టింగ్సులో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ తీసేయమన్నాడు. తీసేస్తే మరకలు పోయాయి. అక్కకు ఒక భక్తి పాట వినిపించి శాంతింపజేశాను. సిరీస్ దగ్గరకు వస్తే మళ్ళీ అదే వాక్యం.

తరవాత కోడెక్‌లు, అంటే వీడియోను విప్పి చూపించే సరంజామా, వెయ్యాలన్నాడు. దానికి టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరవాలి. అతను ఒక్కొక్క అక్షరం చెబుతుంటే కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. నేను ఎంత కొట్టినా తెర మీద ఒక చుక్కయినా పడలేదు. కీబోర్డు పోయిందన్నాను.

"పోలేదు మావయ్యగారూ. కనబడదు, అంతే. మీరు కొట్టండి, అది తీసుకుంటాది."

తీసుకుంది. తీసుకుని, ఈ పని చేసే అధికారం నాకు లేదనీ, నేను ప్రయత్నించిన సంగతి పైవాళ్ళకు తెలియజేయబడుతుందనీ ఇంగ్లీషులో జవాబిచ్చింది. నా బల్ల, నా గది, నేను బిల్లు కట్టే కరెంటు. ఆ వాక్యాన్ని అల్లుడికి చదివి వినిపించి, ఆ పైవాళ్ళెవరని అడిగాను.

"నేనేనండీ" అన్నాడు. "మరేటనుకోకండి. పొరపాటున ఏదైనా తీసేస్తారేమోనని మీకు మామూలు ఖాతా పెట్టేను."

అల్లుడి ఖాతాలోకి వెళ్ళి, అల్లుడి పాస్‌వర్డ్ కొట్టి పని ముగించాను. ఆ పాస్‌వర్డ్ మా అమ్మాయి పేరు. అందువల్ల కోపం సగమే వచ్చింది. కోడెక్‌లు దిగాయి. సిరీస్ తాలూకు ట్రైలర్ చక్కగా ఆడింది. మా ఇంటి గేటు ఒక్క క్షణం కనిపించి మాయమైంది. అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. అసలు భాగం నొక్కితే మళ్ళీ లోపం జరిగినది, తరవాత ప్రయత్నించుడు.

ఇలా కొన్ని రోజులు గడిచాయి. అక్క రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళద్దాలు తుడుచుకుని వచ్చి కూర్చునేది. నేను విసుక్కునేవాణ్ణి. మిల్లు ఆసామి కొడుక్కి ఫోను చేసి అద్దం ఉందా అని అడిగితే పోయేది కదా అంది ఒకరోజు. ఆ ఇంటి గురించి మనం ఒకరిని అడగడమేమిటన్నాను. "ఉందని వినడానికి కాదులే, చూడ్డానికి" అని తనే ఊరుకుంది.

చివరికి అల్లుడికి ఒక ఆలోచన తట్టింది. ఊరికే దొరికేవి వస్తున్నాయి, ట్రైలర్ వస్తోంది, చందా కట్టినవే రావడం లేదంటే అది కాపలా ఉన్న వీడియో, దాని తాళం తీసే భాగం బ్రౌజర్‌లో లేదన్నమాట. ఆ భాగం దించుకోవడానికి బ్రౌజర్ ముందే అనుమతి అడుగుతుందట. పైన చిన్న చీటీలాంటిది ఎప్పుడైనా వేలాడిందా అని అడిగాడు. నన్నెవరూ ఏమీ అడగలేదన్నాను.

"అడిగింది" అంది వెనక నుంచి అక్క. "మొదటిరోజే. నాకు కనబడలేదు గాని వినబడింది. కాదు అని గట్టిగా అన్నావు, టిక్కుమని నొక్కేవు."

అప్పుడు గుర్తొచ్చింది. ఏదో చీటీ దిగింది. ఎవరో ఏదో ఎక్కించుకోనివ్వమంటున్నారు. నేను నిరాకరించాను. కింద చిన్న గడిలో 'మళ్ళీ అడగవద్దు' అని ఉంటే, ఆ మాట నచ్చి, అందులోనూ టిక్కు పెట్టాను.

అల్లుడు నవ్వలేదు. నవ్వు ఆపుకున్నాడని మాత్రం తెలిసింది. "అది ఒకసారి వద్దంటే ఇక అడగదండీ" అన్నాడు.

"అవసరం ఉన్నవాడు మళ్ళీ అడగాలి కదా?"

"అవసరం దానిది కాదు మావయ్యగారూ, మనది."

ముత్తాతగారికి ఈ తేడా తట్టి ఉంటుందని అనుకోను. అతను చెప్పిన చోటికి వెళ్ళి, నా నిరాకరణను నేనే రద్దు చేసుకుని, ఆ భాగం దించి, బ్రౌజర్ మూసి తెరిచాను. సిరీస్ మొదలైంది.

మొదలైందే గాని, బొమ్మ పాలల్లో ముంచినట్టుంది. గీతలు లేవు, అంచులు లేవు. "మసక నా కంటిదా, దానిదా?" అని అడిగింది అక్క. దానిదే. లినక్స్‌లో బ్రౌజర్‌కు ఆ సైటువాళ్ళు తక్కువ రకం బొమ్మే పంపుతారట, ఈ యంత్రాల మీద వాళ్ళకు అంత నమ్మకం లేదట. దీనికి మందు లేదని అల్లుడు ఒప్పుకున్నాడు. చందా తీసుకునేటప్పుడు లేని అనుమానం బొమ్మ చూపించేటప్పుడు వచ్చిందన్నమాట.

అలాగే చూశాం. మా కచేరీ గదిని పోలీసు లాకప్పు చేశారు. మా పూజగదిలో ఎవడో సిగరెట్టు కాలుస్తున్నాడు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. అక్కకు అవేమీ పట్టలేదు. హాలు వచ్చినప్పుడల్లా ఆపమంటుంది, వెనక్కి తిప్పమంటుంది. ఒకచోట నేల మీద ఎర్రగా ఒక మరక కనిపించింది. ఆపాను. అక్క ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వంగింది.

"ఇది అద్దందా, వీళ్ళ లైటుదా?"

నాకూ తెలియలేదు. హత్య జరిగిన ఘట్టం అది, రక్తమైనా కావచ్చు. ఎంతసేపు చూసినా ఆ ఎరుపు ఒక ఆకారానికి రాలేదు. అక్క నిటారుగా కూర్చుని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"రాయగడ వెళ్దాంరా."

"కాదు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు. చీటీ దిగింది, నొక్కాను.

అక్క నావైపు తిరిగింది. నా ముఖం ఆవిడకు ఎంత కనిపిస్తుందో నాకు తెలియదు. "సరే. నేను మళ్ళీ అడగను" అని లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తెర మీద ఆ ఎర్ర మరక అలాగే ఉంది. లాప్‌టాప్ మూత మూసి, ఫోను తీసి, మిల్లతనికి చేశాను. అక్క హాలు ఒకసారి చూడాలంటోంది, వీలవుతుందా అని అడిగాను. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది. కిటికీలో ఎర్ర అద్దం ఉందా అని కూడా అడిగాను. అతను క్షణం ఆలోచించలేదు.

"ఉంది బాబూ. మజ్జాన్నం ఏళకి రండి, అప్పుడే నేలమీద పడతాది."

రైలులో వెళ్ళాం. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా అక్క నా చెయ్యి పట్టుకుంది, వెలుతురు రాగానే వదిలేసింది. స్టేషను నుంచి దగ్గరదారినే నడిచాం. హాలులో అతను మాకోసం రెండు కుర్చీలు వేయించి ఉంచాడు. నేను కూర్చోలేదు. నిలబడే మాట్లాడాను. అతను నొచ్చుకున్నాడేమో, పైకి కనిపించనివ్వలేదు.

అక్క కూడా కుర్చీ దగ్గరకు పోలేదు. నేల మీద ఎర్ర వెలుగు పడిన చోటికి తడుముకుంటూ వెళ్ళి, అందులో చతికిలబడి, రెండు చేతులూ చాపి చూసుకుంది. చేతులు ఎర్రగా ఉన్నాయి.

"నాన్న మాటో?" అన్నాను మెల్లగా.

"కుర్చీలో కూర్చుంటే కదరా చుట్టం" అంది తలెత్తకుండా. "నేలమీద కూర్చుంటే ఇంటిమనిషి. రా."

నేను మొదట కాదన్నాను. ఆవిడ అన్నట్టుగానే మళ్ళీ అడగలేదు. వెలుగు కొంచెం కొంచెంగా ఎదుటి గోడవైపు జరుగుతోంది. అది దాటిపోయేలోగా నేనే వెళ్ళి, వీపు నిటారుగానే ఉంచుకుని, ఆవిడ పక్కన కూర్చున్నాను.