ఖైరున్నీసా చేతిరాత

ముదిగుబ్బలో హుస్సేన్ పీరా సైకిల్ అంగడికి నలభై ఏళ్లుగా పేరుంది. ఆ పేరులో సగం మోసం. టైర్లు, రిమ్ములు పీరా చేతిపనే. చైన్ కవర్ల మీద యజమాని పేరు, చుట్టూ తీగ, చివర ఒక పావురం, ఇవన్నీ వేసింది మాత్రం ఆయన భార్య ఖైరున్నీసా. అంగడి వెనక ఇంట్లో కూర్చుని వేసేది. ఆడమనిషి రాసిందని చెప్పుకోవడం మర్యాద కాదని మొదట్లో దాచాడు. తర్వాత మెచ్చుకోళ్ల రుచి మరిగి దాచాడు. ఆమె ఒక్కనాడూ అడగలేదు. అడగదనే కదా ఆయన ధైర్యం!

ఆమె పోయి ఆరేళ్లు. ఆమె రాసిన సైకిళ్లన్నీ పాతసామాన్లవాళ్ల పాలయ్యాయనుకున్నాడు. పోయిన నెల ఆ ఊరి రైతు రాఘవేంద్ర తన తండ్రి బయ్యన్న సైకిల్‌ని ట్రాక్టర్లో వేసుకొచ్చాడు. పశువుల కొట్టంలో వేరుశనగ కట్టె కింద దొరికిందట. తండ్రి సంవత్సరీకంనాడు ఫొటో పక్కన నిలబెట్టాలి, బాగుచెయ్యమన్నాడు.

పీరా చైన్ కవర్ మీది దుమ్ము తుడిచాడు. బయ్యన్న పేరు, పక్కనే పావురం. అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

పదిహేను రోజులు ఇంకో పని ముట్టలేదు. ఉప్పు కాగితాన్ని దగ్గరికి రానివ్వలేదు. నూనెలో తడిపిన మెత్తటి గుడ్డతో తుప్పు నానబెట్టి, ఒక్కో అక్షరం చుట్టూ తుడిచాడు. పెచ్చులు లేచినచోట వార్నిష్ చుక్క వేసి అతికించాడు. పాత పచ్చరంగు మెల్లగా బయటపడింది. ఆమె బతికుండగా ఇంత ఓపికతో ఒక్కపూటైనా పక్కన కూర్చున్నాడా అంటే, లేదు.

తీసుకుపోవడానికి వచ్చిన రాఘవేంద్ర, రంగు వెలిసిపోయిందని మొహం చిట్లించాడు. పాతరంగే ఉండనీమని పీరా బతిమాలాడు. ఈ రాత నీదే కదా మామా అని అడిగాడు రాఘవేంద్ర. అంగట్లో ఇంకో నలుగురున్నారు. నిజం గొంతుదాకా వచ్చింది కానీ అలవాటే ముందు నోరు తెరిచింది.

"నాదేనప్పా" అన్నాడు పీరా.

నాలుగో రోజు సైకిల్ మళ్లీ అంగడి ముందు దిగింది. నల్లగా నిగనిగలాడుతోంది. సంవత్సరీకానికి ఇల్లంతా సున్నం కొట్టించి నాయన సైకిల్‌ని అట్లా పెడితే నలుగురూ మొహాన ఉమ్మేస్తారని, కదిరిలో గీకించి కొత్త రంగు కొట్టించానని రాఘవేంద్ర సంబరంగా చెప్పాడు. చైన్ కవర్ బోసిగా ఉంది.

"పేరు నువ్వు మళ్లీ రాసేయ్ మామా. అదే పావురం వెయ్యి. నీ చెయ్యే గదా, యాడికి పోతాది?"

పీరా ఆ నల్లటి కవర్‌ని వేళ్లతో తడిమి చూశాడు. ఎవరిని తిట్టాలి? గీకించినవాడినా, గీకించుకోమని ధైర్యమిచ్చిన తన నోటినా?

"అది నేను రాసింది కాదప్పా. మా ఖైరున్నీసా రాసింది. నాకు రాయను రాదు."

రాఘవేంద్ర నవ్వాడు. "ఇష్టం లేకపోతే లేదని చెప్పు మామా. పోయిన మనిషి మీద ఎందుకు నెట్టేది?"

నమ్మించడానికి పీరా దగ్గర ఆమె రాసిన అక్షరం ఒక్కటీ మిగల్లేదు.