ముత్తన్నకు వచ్చిన లెటరు

జుఫైర్‌లో మేం పనిచేసే బడిలో ముత్తన్నకు తెలియని తాళంచెవి లేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి పందొమ్మిదేళ్లయినా ఈ దేశాన్ని దుబాయి అనే అంటాడు. బహ్రెయిన్ అని సరిదిద్దీ సరిదిద్దీ విసుగొచ్చి నేనే మానేశాను.

ఆదివారం ఆఫీసువాళ్లు అతని చేతిలో ఒక కవరు పెట్టారు. మా క్యాంపులో లెటరు వచ్చిందంటే ఒకటే అర్థం: నౌకరి ఖలాస్, సామాన్ సర్దుకో. అందుకే ముత్తన్న దాన్ని విప్పలేదు. విప్పకపోతే రానట్టేనట. కూతురు సరిత నర్సింగు చదువు ఇంకో ఏడాది ఉంది, అప్పటిదాకా విప్పడట. చదివి పెడతానన్న పాపానికి నాతో మాటలు మానేశాడు.

బుధవారం బళ్లో నాటకం రిహార్సల్. పూర్వం ఇక్కడ ఏలిన ముంజిర్ అనే రాజు ఇస్లాం స్వీకరించిన కథ. లైట్లు నావి, తెర తాడు ముత్తన్నది. అరబ్బీ మా ఇద్దరికీ అంతంత మాత్రమే. మదీనా నుంచి వచ్చిన దూత రాజుకు లెటరు అందించాడు. రాజు విప్పబోయాడో లేదో, ముత్తన్న సర్రున తెర దించేశాడు.

ఎందుకు దించావని నవాల్ టీచరు పరుగెత్తుకొచ్చింది.

“లెటరచ్చినంక ఇంకేముంటది మేడమ్? పాపం, రాజు గూడ ఖలాసే గద,” అన్నాడు. నేను హిందీలోకి మార్చి చెప్పాను.

ఆవిడ నవ్వు ఆపుకుని వివరించింది. అది ఖలాస్ కాదు, దావత్. ప్రవక్త పంపిన పిలుపు. రాజు చదివాడు, మతం స్వీకరించాడు, గద్దె అతనికే ఉండిపోయింది.

ముత్తన్నకు దావత్ అంటే వేటమాంసం. రాజుకు ఏం వండి పెట్టారని అలక మరిచి గుసగుసగా నన్నడిగాడు. ఇది విందు దావత్ కాదు, మతంలోకి రమ్మనే పిలుపని చెప్పాను.

“అయితే రాజు నౌకరి పోలేదన్నట్టు?”

“పోలేదు. కానీ ఆయన లెటరు విప్పాడు,” అన్నాను కసిగా.

ముత్తన్న చొక్కాలోంచి చెమటకు తడిసిన కవరు తీసి టీచరుకిచ్చాడు. అలా దెప్పినందుకు నాకే సిగ్గేసింది. టీచరు చదివింది. గురువారం నాటకం చూడ్డానికి ముందు వరసలో కుర్చీ, పందొమ్మిదేళ్ల సేవకు సన్మానం, ఆ తర్వాత భోజనాలు.

“దావతే,” అని అక్కడే కూలబడి ఏడ్చాడు ముత్తన్న.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో బిగుసుకుని కూర్చున్నాడు. ఆ సంబరంలో తాడు సంగతి అందరం మరిచిపోయాం. నాటకం అయిపోయింది. ముత్తన్న కుర్చీలోంచి లేవలేదు. ఆఖరికి ముంజిర్ రాజే వెళ్లి తాడు లాగి తన తెర తనే దించుకున్నాడు.