రాతికి కట్టు

మా పుంగనూరు చరిత్ర సంఘంవాళ్లం శాసనం మీద తడికాగితం పరిచినప్పుడల్లా, ఆ వాసనకు నాకు ఆరేళ్ల వయసున్నప్పటి ఒక పొద్దు గుర్తొస్తుంది.

అప్పట్లో మా వీధి మొదట్లో వీరగల్లు అనే పాతకాలపు రాయి ఉండేది. దాని మీద కత్తి పట్టిన మనిషి బొమ్మ, కింద అరిగిన అక్షరాలు. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని పగలగొడతారని తెలిసి, సంఘం నడిపే మేరీ టీచరమ్మ అక్షరాల అచ్చు తీసుకోవడానికి వచ్చింది. రాతికి తడికాగితం అంటించి బ్రష్షుతో మెల్లగా తట్టింది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో మా నాయన విరిగిన కాలికి తడి పిండికట్టు కట్టడం చూసినదాన్ని కాబట్టి, ఇదీ కట్టే అనుకున్నాను.

"ఆరేదాకా సూస్తాండు పాపా. రాయి తీసకపోను ట్రాక్టరు తెస్తా," అని ఆమె వెళ్లింది.

అంతలోనే జేసీబీ వచ్చింది. నేను రాతికి అడ్డం నిలబడ్డాను.

"యాల నిలబడుండావమ్మా? పక్కకు రా," అన్నాడు డ్రైవరు.

"దీనికి దెబ్బ తగిలుండాదప్పా. కట్టు ఇంకా ఆరలేదు."

ఆయన నవ్వలేదు. కాగితాన్ని, నన్ను కాసేపు చూసి, ఇంజను ఆపి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రాయి టీచరమ్మ తెచ్చిన ట్రాక్టరెక్కి బడి ఆవరణకు చేరింది.

అది కట్టు కాదని టీచరమ్మ చాలా ఏళ్లు చెప్పలేదు. నేను శాసనాలు చదవడం నేర్చుకున్నాక ఆ అచ్చు నా చేతికిచ్చింది. దొంగలు ఊరి ఆవులను తోలుకుపోతుంటే అడ్డం నిలబడి చనిపోయినవాడి రాయి అది. ఆయన పేరు అరిగిపోయింది. ఆవులు మాత్రం ఊరికి తిరిగొచ్చాయని స్పష్టంగా ఉంది.