గురువమ్మ అవ్వ రెండో కన్ను

దెయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, చూసినాయనకు కంటిచూపు ఎంత అని. వేళాకోళానికి కాదు. నా ఉద్యోగమే అది. సాయంత్రం వేళ, శుక్లం ముదిరిన కంటికి, తీగ మీద ఆరేసిన పంచె కూడా మనిషిలా కనబడుతుంది. ఇట్లాంటివి ఎన్నో విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు చెప్పేది నేను విన్నది కాదు. నా రెండు కళ్ళతో చూసింది. నా చూపులో ఏ లోపమూ లేదు, అప్పుడూ ఇప్పుడూ.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తొంభైల చివర్లో విరుదునగరం ఆఫీసు నుంచి ఒక కంటి ఆస్పత్రివాళ్ళ పరిశోధనలో పనిచేశాను. క్యాంపుల్లో కూడా కంట్లో లెన్సు పెట్టడం అప్పుడప్పుడే మొదలైంది. ఆపరేషన్ అయిన ఏడాదికి ఆ మనుషులకు చూపు ఎట్లా ఉంది, పనులు చేసుకోగలుగుతున్నారా, రెండో కంటికి ఎందుకు రావడం లేదు, ఇవన్నీ వాళ్ళ ఇళ్ళకే పోయి చూసి రావాలి.

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో అందరూ అంటారు. కానీ ఆ పనికి అనుమానం లేకపోతే కుదరదు. కాళ్ళు అటూ ఇటూ తిరిగిన ఇంగ్లీషు 'E' అక్షరాల అట్ట ఒకటి ఉంటుంది. కాళ్ళు ఎటు ఉన్నాయో చేత్తో చూపించాలి, చదువు అక్కర్లేదు. ముందు కూర్చున్నవాళ్ళు చూపించింది గమనించి వెనకవాళ్ళు బట్టీ కొట్టేస్తారు. పని తప్పించుకోవడానికి కనబడినా కనబడదనే అత్తలున్నారు. డాక్టరు బాధపడతాడని కనబడకపోయినా కనబడుతుందనే తాతలున్నారు. అందుకే ఎవరి మాటా నమ్మకుండా, అట్ట తిప్పి తిప్పి పరీక్ష చేసేదాన్ని.

గురువమ్మ అవ్వది పుదూరు దగ్గర నల్లరేగడి ఊరు. మావాళ్ళలాగే తెలుగు ఇల్లు. ఎడమ కంటికి ఏడాది కిందట ఆపరేషన్ అయింది. అట్ట మీద చిన్న వరసలు కూడా చెప్పేసింది, సూదిలో దారం ఎక్కించి చూపించింది. కుడి కన్ను మాత్రం తెల్లగా పండిపోయి ఉంది. టార్చి వేస్తే వెలుతురు తెలుస్తుంది, అంతే. ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి, నొప్పి మొదలై, ఆ కన్ను శాశ్వతంగా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపించారు. అవ్వ మాత్రం రానంటే రానంది.

రానని చెప్పేవాళ్ళ సాకులన్నీ నాకు కంఠతా వచ్చు. ఒక కన్ను చాలంటారు, కోత పని ఉందంటారు, తోడు ఎవరూ లేరంటారు. అవ్వ ఏ సాకూ చెప్పలేదు. నేను పట్టిన పట్టు విడవకుండా మూడోసారి కూడా పోతే, తలుపు దగ్గరగా వేసి అసలు సంగతి చెప్పింది.

మొదటి ఆపరేషన్‌కు ముందు, రెండు కళ్ళూ కనబడని కాలంలో ఆమె పగలంతా ఇంట్లో ఒక్కతే. కొడుకు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు. కోడలు జోతి తెల్లవారగానే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయి సాయంత్రం వస్తుంది. అత్తాకోడళ్ళు ఉప్పూ నిప్పూ. అయితే పగలు అవ్వ లేచి నిలబడగానే ఒక చెయ్యి వచ్చి మోచెయ్యి పట్టుకునేదట. పెరట్లోకి తీసుకుపోయేది, నీళ్ళ తొట్టి దగ్గర నిలబెట్టేది, మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టేది. ఆడచెయ్యి. ఒక్క మాటా మాట్లాడేది కాదు. జోతి మధ్యలో ఇంటికి వచ్చి పోతోంది, కోపంతో మాట్లాడటం లేదు అనుకుంది అవ్వ.

కన్ను వచ్చాక, కొడుకు చేత శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తెప్పించి కోడలి చేతిలో పెట్టి, ఇన్నాళ్ళూ నువ్వు చూసుకున్నావమ్మా అందట. జోతి మొహం మాడిపోయింది. "నేనెప్పుడు వస్తిని అత్తా? లోపలికి పోతే సాయంత్రం దాకా గేటు తియ్యరు కదా" అంది. తనను చూసుకోలేదని దెప్పిపొడవడానికే అత్త ఇట్లా అల్లిందని ఆమెకు కోపం. అప్పటినుంచి ఇద్దరికీ ఉన్న రెండు మాటలూ పోయాయి.

ఇప్పటికీ కనబడే కన్ను మూసుకుంటే ఆ చెయ్యి వస్తుందని అవ్వ చెప్పింది. "ఆ కన్ను గూడా తెరిస్తే ఇంగ అది రాదు పాపా" అంది. అందుకే ఆపరేషన్ వద్దట.

నాకు నవ్వు రాలేదు, చిరాకు వచ్చింది. ఒక చేతి కోసం కన్ను పోగొట్టుకుంటుందా ఈ ముసల్ది? కత్తికి భయపడి కథ అల్లుతోందనుకున్నాను. తర్వాత జోతి మీద అనుమానం వచ్చింది. అత్తకు తోడుగా ఆస్పత్రిలో ఉంటే కూలి పోతుంది కాబట్టి, తనే ఈ భయం పెట్టిందేమో. పక్కింటావిడను అడిగాను. మీరేమైనా వచ్చి సాయం చేసేవారా అంటే, నాకేం పని, ఆమే మోచెయ్యి పైకెత్తుకుని చకచకా తిరుగుతుండేది అంది. ఆవిడనూ నేను నమ్మలేదు.

సరే, పరీక్ష చేస్తే పోతుంది కదా అనుకున్నాను.

మధ్యాహ్నం. మబ్బు పట్టి ఉంది. అవ్వ ఎడమ కంటికి దూది గుడ్డ పెట్టి, అంచుల చుట్టూ ప్లాస్టరు వేశాను. ముక్కు పక్క సందులోంచి చూస్తారని తెలుసు కాబట్టి అక్కడ ఇంకో పట్టీ వేశాను. కుడి కంట్లో మళ్ళీ టార్చి వేసి చూశాను. ఆమెను లోపలే ఉంచి, పెరట్లో మంచం అడ్డంగా లాగాను, కట్టెలు దారి మధ్యలో పోశాను, మేకను తాడు దారికి అడ్డంగా బిగుతుగా ఉండేట్టు ఇంకో గుంజకు కట్టాను. నీళ్ళ తొట్టి దగ్గర నేను నిలబడి, ఇక్కడికి రా అవ్వా అని పిలిచాను.

అవ్వ గడపలో కాసేపు నిలబడింది. తర్వాత ఆమె కుడి మోచెయ్యి ఒంటి నుంచి కొంచెం పక్కకు జరిగింది. నడవడం మొదలుపెట్టింది.

చేతులతో తడుముకోలేదు. కాలితో వెతకలేదు. మంచం చుట్టూ తిరిగింది, కట్టెలు తప్పించుకుంది, మేక తాడు దగ్గర ఆగి కాలు ఎత్తి దాటింది. నేను కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాను. ఎక్కడో సందు ఉంది, చూస్తోంది అనే నా ధ్యాసంతా. ప్లాస్టరు ఎక్కడా ఊడలేదు.

అప్పుడు ఆమె చెయ్యి చూశాను. మోచేతికి పైన ముసలి చర్మం వదులుగా వేలాడుతుంది కదా. అది లోపలికి అణిగి ఉంది. మనం ఎవరి చెయ్యి అయినా పట్టుకుంటే వేళ్ళ కింద కండ ఎట్లా నొక్కుకుంటుందో, అట్లా. వేళ్ళు లేవు. నొక్కు మాత్రమే ఉంది.

చెప్పడానికి సిగ్గు లేదు, భయపడ్డాను. తొట్టి అంచు పట్టుకుని నిలబడిపోయాను.

అవ్వ నా దగ్గరికి రాలేదు. సగం దూరం వచ్చి పక్కకు తిరిగి కంచె వైపు పోయింది. అటు చూస్తే జోతి నిలబడి ఉంది. మబ్బుకు అగ్గిపుల్లలు ఆరవని ఆ రోజు ఫ్యాక్టరీలో సగం పూటకే పంపించేశారట. చేతిలో క్యారియరుతో, అత్తను నేనేం చేస్తున్నానా అని చప్పుడు లేకుండా నిలబడి చూస్తోంది. ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. అవ్వ తిన్నగా పోయి ఆమె ముందు ఆగింది. అవ్వ చెయ్యి ముందుకు లేచి, జోతి ఖాళీ చేతిలో పడింది. మోచేతి మీద చర్మం మెల్లగా మామూలుగా అయింది.

జోతి నా వైపు చూసింది, అత్త కంటి మీది గుడ్డను చూసింది.

"నేనే అత్తా. ఇన్ని దినాలూ నేనే" అంది.

అవ్వ కోడలి చెయ్యి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. ఆ చెయ్యి కాదని ఆమెకు తెలిసిపోయిందని నా నమ్మకం. అయినా, "ఎవరైతే ఏమి జోతీ. ఇంగ నువ్వు పట్టుకో" అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తర్వాతి క్యాంపుకే అవ్వ వచ్చింది. జోతి కూలి పోగొట్టుకుని తోడుగా ఉంది. రెండో కన్ను కూడా బాగా వచ్చింది. రెండు కళ్ళూ మూసుకున్నా ఆ చెయ్యి రావడం లేదని అవ్వ తర్వాత నాతో చెప్పింది. బాధగా చెప్పలేదు, ఊరు విడిచిపోయిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పింది. ఇప్పుడు ఆమె లేదు. పోయేదాకా జోతే చూసుకుంది.

ఎన్నో విధాలుగా ఆలోచించాను. ఏళ్ళ తరబడి తిరిగిన పెరడు కాబట్టి అలవాటు అనుకుందామంటే, సామాన్లు నేను మార్చాను. నేను లాగుతుంటే చప్పుడు వినే ఉంటుంది, సరే. కోడలి ఒంటి మీది అగ్గిపుల్లల మందు వాసన తగిలి ఉంటుంది, అదీ సరే. చర్మం మీది నొక్కు మబ్బు వెలుతురులో నా భ్రమ అనుకుని చాలాకాలం సర్ది చెప్పుకున్నాను. ఆస్పత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కళ్ళు పరీక్ష చేసేవాళ్ళు.

అవ్వ పోయాక పలకరించడానికి వెళ్తే, జోతి నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చింది. దారిలో మెల్లగా అడిగింది. "ఆ దినము అత్త చెయ్యి నా చేతిలో పడినాక, పైన ఇంగొక చెయ్యి వచ్చి మూసె. అది మీరే కదక్కా?"

నేను తొట్టి దగ్గరున్నాను. మా మధ్య మంచం ఉంది, కట్టెలున్నాయి. కాదన్నాను. జోతి నవ్వి, చెప్పండక్కా, నేనేమీ అనుకోను అంది. కలిసినప్పుడల్లా అదే అడుగుతుంది. ఊళ్ళో అందరినీ అనుమానించిన నన్నే ఆమె అనుమానిస్తోంది.

అది ఎవరి చెయ్యో నాకు ఈనాటికీ తెలియదు. అయితే జోతి ఇప్పుడు ఫ్యాక్టరీ మానేసింది, పగలంతా ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అందుకే పోయినసారి అడిగినప్పుడు, అవునమ్మా, నేనే అని చెప్పాను.